లెక్క నడుస్తుండగానే నీళ్ళు చూడటం

ఇంజనీరింగ్ చదివే కుర్రాడు సంక్రాంతికి అవనిగడ్డ వస్తే పెదనాన్న వరస ఆయన ఎవరో ఒకరు అరుగు మీదే ఆపేస్తారు. "ఏరా అబ్బాయ్, మళ్ళీ ఉప్పెనొస్తే మన కోడూరుకి నీళ్ళు ఎన్ని గంటలకొస్తాయో మీ కంప్యూటర్ చెప్తుందా?" కుర్రాడి ఫైనలియర్ ప్రాజెక్టు సరిగ్గా అదే, ఉప్పెనను లెక్కగట్టే పారలల్ ప్రోగ్రాం. ప్రోగ్రాం నడుస్తుంది, లెక్క పూర్తవుతుంది, గిగాబైట్ల కొద్దీ ఫైళ్ళు పడతాయి. అయినా "చెప్తుంది పెదనాన్నా" అనలేడు. అడిగినదానికి జవాబు ఆ ఫైళ్ళలో ఉందో లేదో తనకే తెలీదు.

ఈ అధ్యాయం అలాంటివాళ్ళ కోసం. డీఎస్సీ కోచింగ్‌కి పేరుపడ్డ ఊరికీ పారలల్ ప్రోగ్రామింగ్‌కీ ఏం సంబంధమని అనుకోకండి. అవనిగడ్డ, కోడూరు ఉన్న ఈ దివిసీమ కంప్యూటర్ లెక్కల్లోకి ఎక్కి చాలా ఏళ్ళయింది.

1977 నవంబరు 19 సాయంత్రం తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. మునిగింది మాత్రం దివిసీమ. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకని తీరం దాటే చోటికి కుడి పక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది, ఎడమ పక్కన నేల నుంచి సముద్రంలోకి తోస్తుంది. చీరాలకు కుడి పక్క ఏముందో మ్యాపు చూస్తే తెలుస్తుంది. సుమారు 5 మీటర్ల ఎత్తున నీళ్ళు ఊళ్ళ మీద పడ్డాయి. పోయినవాళ్ళు దాదాపు 10 వేలని లెక్క. అంతకన్నా ఎక్కువేనని చెప్పేవాళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. నాలుగేళ్ళు తిరక్కుండా, 1981లో, జాన్స్, దూబే, మహంతి, సిన్హా అనే నలుగురు శాస్త్రవేత్తలు ఆ ఉప్పెనను సమీకరణాలతో కంప్యూటర్లో మళ్ళీ నడిపి, ఆ వివరాలు బ్రిటన్‌లోని రాయల్ మెటియరలాజికల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. ఇప్పుడు హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఉప్పెన హెచ్చరికల కోసం అడ్‌సర్క్ అనే మోడల్‌ని నడుపుతోంది. అమెరికాలో లూటిక్, వెస్టరింక్ అనే ఇద్దరు పరిశోధకులు మొదలుపెట్టిన ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాం అది. సముద్రాన్నీ తీరాన్నీ త్రిభుజాలుగా కోసిన మ్యాపు మీద అది లెక్క కడుతుంది. లోతు సముద్రంలో పెద్ద త్రిభుజాలు, మన కృష్ణా పాయల దగ్గర, మడ అడవుల దగ్గర చిన్నవి.

త్రిభుజాలు లక్షల్లో ఉంటాయి కాబట్టి ఒక్క ప్రాసెసర్ మీద నడిపితే తుఫాను వచ్చి వెళ్ళాక ఫలితం వస్తుంది. అందుకే ముక్కలు చేస్తారు. అడ్‌సర్క్‌తో పాటు వచ్చే అడ్‌ప్రెప్ అనే చిన్న ప్రోగ్రాం, మెటిస్ లైబ్రరీ సాయంతో, మ్యాపును అన్ని ప్రాసెస్‌లకూ సమానంగా పంచుతుంది. ఇక్కణ్ణుంచి జరిగేది నాట్ల కాలంలో మన పొలాల్లో జరిగేదే. ఒక్కో ముఠాకి ఒక్కో మడి. ఏ ముఠాకీ పక్క మడి పూర్తిగా తెలీదు, గట్టు పక్క వరస మటుకే కనిపిస్తుంది. ప్రాసెస్‌లు కూడా ప్రతి కాల అడుగులో (టైమ్ స్టెప్‌లో) ఆ గట్టు వరసలోని విలువలు మాత్రం ఎంపీఐ అనే ప్రమాణం ప్రకారం సందేశాలుగా ఒకదానికొకటి పంపుకుంటాయి. దివిసీమ మొత్తం ఎలా ఉందో ఏ ఒక్క ప్రాసెస్‌కీ తెలీదు. బొమ్మ గీయడం ఇందుకే కష్టం. బొమ్మకి మొత్తం కావాలి, ప్రోగ్రాంలో మొత్తం ఎక్కడా లేదు.

"ఫైల్లో రాసుకుని తర్వాత గీద్దాం" అనేది అందరికీ మొదట తట్టే మార్గం. ఒకసారి లెక్క కట్టి చూడండి. మూడు రోజుల తుఫానుని ఒక్కో సెకను అడుగుతో నడిపితే 2,59,200 అడుగులు. మ్యాపులో 10 లక్షల బిందువులు, అంటే త్రిభుజాల మూలలు, ఉన్నాయనుకుందాం. ఒక్కో బిందువు దగ్గర నీటిమట్టం, రెండు దిశల్లో వేగం, మొత్తం మూడు సంఖ్యలు, ఒక్కోటి 8 బైట్లు. ఒకసారి రాస్తే 24 మెగాబైట్లు. నిమిషానికోసారి రాస్తే 4,320 సార్లు, అంటే సుమారు 104 గిగాబైట్లు. డిస్కు మొరాయిస్తుంది, ప్రాసెసర్లు రాత అయ్యేదాకా ఊరికే నిలబడతాయి. సరేనని గంటకోసారికి తగ్గిస్తారు. అప్పుడు 72 బొమ్మలే. 5 మీటర్ల లోతు నీటిలో అల సెకనుకి సుమారు 7 మీటర్లు పోతుంది, గంటకి 25 కిలోమీటర్లు. నేల మీదికెక్కాక చెట్లూ గట్లూ ఆపి నెమ్మదిస్తుందనుకోండి, అయినా రెండు బొమ్మల మధ్యలోనే తీరాన ఉన్న పాలకాయతిప్ప నుంచి లోపలి ఊళ్ళ దాకా కథ అయిపోవచ్చు. ముందు బొమ్మలో పొడి నేల, తర్వాతి బొమ్మలో నీళ్ళు. పెదనాన్న అడిగింది సరిగ్గా ఆ మధ్యలో పోయింది.

కాబట్టి లెక్క నడుస్తుండగానే, సంఖ్యలు ఇంకా మెమరీలో ఉండగానే గీయాలి. దీన్ని చేసే సామగ్రి ఎప్పట్నుంచో ఉంది. పారావ్యూ వాళ్ళ కాటలిస్ట్, విజిట్ వాళ్ళ లిబ్‌సిమ్, ఈమధ్య అసెంట్, అన్నీ ఉచితమే. ప్రతి ప్రాసెస్ తన ముక్కని తనే పారదర్శక కాగితం మీద గీస్తుంది, ఆ కాగితాలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చితే మొత్తం బొమ్మ. బొమ్మ మెగాబైటుంటే నిమిషానికోటి తీసినా 4.3 గిగాబైట్లతో సరి.

ఇబ్బందల్లా ఈ సామగ్రితో గీయించే పిలుపుల్ని (ఫంక్షన్ కాల్స్) ప్రోగ్రాంలో ఎవరు పెట్టాలన్నదే. చేత్తో పెడితే ఏమవుతుందో ఏ కాలేజీ ల్యాబులో చూసినా తెలుస్తుంది. నీటి సమీకరణం మధ్యలో రంగుల పట్టిక, సందేశాల మధ్యలో ఫైలు పేర్లు. ఆర్నెల్ల తర్వాత ఏది లెక్కో ఏది అలంకారమో రాసినవాడికే తెలీదు. జూనియర్ వచ్చి "ఇది అనవసరం" అని తీసేస్తాడు, దాంతో పాటు ఒక సందేశం కూడా పోతుంది. అందుకే గీసే కోడ్‌ని యంత్రమే చొప్పించాలి, అసలు ఫైలు చెక్కుచెదరకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం.

చొప్పించడానికి మూడు చోట్లున్నాయి. సులువైనది లింకింగ్ దగ్గర. ఎంపీఐ ప్రమాణం 1994లో వచ్చినప్పుడే దాన్ని రూపొందించినవాళ్ళు ఒక మంచి పని చేశారు. ప్రతి ఫంక్షన్‌కీ రెండు పేర్లు పెట్టారు. ఎంపీఐ సెండ్ అనేదానికి పీఎంపీఐ సెండ్ అని మారుపేరు ఉంటుంది. పరికరం రాసేవాడు ఎంపీఐ సెండ్ అనే పేరుతో తన సొంత ఫంక్షన్ పెట్టుకుంటాడు. అందులో టైము నోట్ చేసుకుని, పీఎంపీఐ సెండ్‌ని పిలిచి, తిరిగొచ్చాక మళ్ళీ టైము నోట్ చేస్తాడు. మీ ప్రోగ్రాంకి ఈ సంగతే తెలీదు. ఒక్క అక్షరం మార్చకుండా ఏ ప్రాసెస్ ఎవరికి, ఎప్పుడు, ఎన్ని బైట్లు పంపిందో మొత్తం రికార్డవుతుంది. ఓరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్ళ టౌ పరికరంలో దీనికి టౌ ఎగ్జెక్ అనే ఆదేశం ఉంది. ప్రోగ్రాం పేరు ముందు అది చేర్చి నడపడమే, మళ్ళీ కంపైల్ కూడా అక్కర్లేదు. వచ్చిన రికార్డుని తగిన రూపంలోకి మార్చి జంప్‌షాట్ అనే ప్రోగ్రాంలో తెరిస్తే ప్రాసెస్‌కో అడ్డ పట్టీ, లెక్క ఒక రంగు, ఎదురుచూపు ఇంకో రంగు, సందేశాలు బాణాలు.

రెండోది కంపైలర్ దగ్గర. జీసీసీలో ఇన్‌స్ట్రుమెంట్ ఫంక్షన్స్ అనే ఆప్షన్ ఇస్తే ప్రతి ఫంక్షన్ మొదట్లోనూ చివర్లోనూ ఒక పిలుపు దానంతటదే చేరుతుంది. స్కోర్-పి పరికరమైతే కంపైల్ ఆదేశం ముందు దాని పేరు రాస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. ఎల్ఎల్‌వీఎమ్ కంపైలర్‌లో సొంత పాస్ రాసుకునేవాళ్ళూ ఉన్నారు. ఐఐటీ హైదరాబాదు బృందం 2020లో ప్రచురించిన ఎల్ఎల్ఓవీ అలాంటి పాసే. అది గీయదు, ఓపెన్ఎంపీ ప్రోగ్రాముల్లో రెండు థ్రెడ్లు ఒకే చోట కొట్టుకునే తప్పుల్ని పట్టుకుంటుంది. కోడ్‌ని చదివి అర్థం చేసుకునే పని మన తెలుగు రాష్ట్రాల్లోనే జరుగుతోందని చెప్పడానికి ఆ మాట తెచ్చాను.

ఈ రెండు దారులూ పని ఎలా జరుగుతోందో చూపిస్తాయి. నీళ్ళని చూపించలేవు. కంపైలర్‌కి మీ ప్రోగ్రాంలో హెచ్ అనే పేరుతో ఒక వరస ఉందని తెలుసు. అందులో ఉన్నది నీటి లోతనీ, మీటర్లలో ఉందనీ, ఫలానా త్రిభుజాల మూలల దగ్గరదనీ తెలీదు. ఏ పరికరమూ దీన్ని ఊహించి కనిపెట్టలేదు. అందుకే మూడో చోటు, మీ సోర్సులోనే మీరు పెట్టే చిన్న గుర్తు. చేసి చూడండి. సీ ప్రోగ్రాంలో కాల అడుగుల లూప్ ఆఖర్న ఒక కామెంటు పెట్టండి: "చూడు", ఆ పక్కన వరస పేరు. తెలుగులోనే రాయొచ్చు, కామెంట్లో ఏ లిపి ఉన్నా కంపైలర్ పట్టించుకోదు. ఇప్పుడొక చిన్న పైథాన్ స్క్రిప్టు ఫైలంతా చదివి, ఆ గుర్తున్న చోట గీసే కోడ్ పరిచి, వేరే పేరుతో కొత్త ఫైలు రాస్తుంది. మేక్‌ఫైలు ఆ కొత్త ఫైల్ని కంపైల్ చేస్తుంది. బొమ్మలు వద్దంటే స్క్రిప్టు నడపరు, కామెంటు కామెంటుగానే ఉండిపోతుంది.

స్క్రిప్టు రాసేటప్పుడు రెండు చిన్న జాగ్రత్తలు. చొప్పించిన చోట లైన్ డైరెక్టివ్ కూడా పెట్టండి, లేకపోతే కంపైలర్ చూపించే తప్పు లైన్ నంబర్లు మీ అసలు ఫైలుతో కలవక పిచ్చెక్కుతుంది. పాత పద్ధతి ఫోర్‌ట్రాన్ అయితే 72వ గడి దాటిన అక్షరాల్ని కంపైలర్ చదవదు. మీ స్క్రిప్టు పొడుగు లైను రాస్తే తోక తెగిపోతుంది, ఒక్కోసారి తెగినా చక్కగా కంపైల్ అవుతుంది. అదే ప్రమాదం.

పెద్ద జాగ్రత్తలు వేరు. అన్ని ప్రాసెస్‌లూ కలిసి చేయాల్సిన ఎంపీఐ పిలుపులు కొన్నుంటాయి, ఉదాహరణకి ఆల్‌రెడ్యూస్. గీసే కోడ్‌లో అది ఉండి, ఆ కోడ్ "నీళ్ళుంటేనే" అనే షరతు లోపల పడిందనుకోండి. నీళ్ళున్న ప్రాసెస్‌లు లోపలికెళ్ళి మిగతావాటి కోసం ఎదురుచూస్తాయి. పొడి నేల ప్రాసెస్‌లు అటు రానేరావు. ప్రోగ్రాం తప్పు చెప్పదు, ఆగదు, కదలదు. అందుకే యంత్రం చొప్పించే చోటు ప్రతి ప్రాసెస్సూ ప్రతిసారీ దాటే చోటే అయ్యుండాలి. లూప్ ఆఖరు అనడం అందుకే.

తర్వాత రంగులు. ఒక్కో ప్రాసెస్ తన ముక్కలోని కనిష్ఠ, గరిష్ఠ విలువల్ని బట్టి రంగులేస్తే నాగాయలంకలో ఎరుపంటే 4 మీటర్లు, అవనిగడ్డలో ఎరుపంటే అర మీటరు. ముక్కల అంచుల్లో లేని గోడలు కనిపిస్తాయి. ఆల్‌రెడ్యూస్‌తో ఉమ్మడి గరిష్ఠం కనుక్కోవచ్చు. నన్నడిగితే ఉప్పెనకి సున్నా నుంచి 6 మీటర్ల దాకా రంగుల్ని ఒక్కసారి బిగించేయడం మేలు. లేదంటే ఒక్కో నిమిషం బొమ్మకి ఒక్కో కొలబద్ద వచ్చి, వీడియోగా చూస్తే నీళ్ళు పెరుగుతున్నాయో కొలబద్ద మారుతోందో అర్థం కాదు.

ఇంకొకటి, గీసే కోడ్ చేరగానే మీ ప్రోగ్రాంలో తప్పు మాయమైతే సంబరపడకండి. సమయాల మీద ఆధారపడే తప్పులు అలాగే చేస్తాయి. కొత్త కోడ్ ఒక ప్రాసెస్‌ని కాస్త ఆలస్యం చేసింది, సందేశాల వరస మారింది, తప్పు దాక్కుంది. అంతే.

ఇక ఏం గీయాలన్నది. ఎక్కువమంది విద్యార్థులు ఇక్కడ నీటిమట్టాల వీడియో చేసి ఆగిపోతారు. నీలం రంగు అల్లుకుపోతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది, వైవాలో చప్పట్లూ పడతాయి. కానీ దివిసీమలో పుట్టినవాడు అడిగేది మట్టం ఒక్కటే కాదు. ఎంత ఎత్తు వస్తుందన్నది పక్కా ఇల్లు కట్టుకునేవాడికి కావాలి. ఎప్పుడొస్తుందన్నది ఎదురుమొండి దీవి నుంచి పశువుల్ని తోలుకుని బయల్దేరేవాడికి కావాలి. 1977లో కూలిన ఊళ్ళ గురించి పెద్దవాళ్ళు చెప్పేటప్పుడు ఎత్తు కన్నా ముందు వేళ చెప్తారు.

చేరిన వేళను ప్రోగ్రాంలో పెట్టడం ఎంత చవకో చూడండి. ప్రతి బిందువుకీ ఒకే ఒక్క సంఖ్య, మొదట్లో మైనస్ 1. ప్రతి అడుగులోనూ ఒక్క పోలిక: మామూలుగా పొడిగా ఉండే ఈ బిందువు దగ్గర లోతు మొదటిసారిగా 10 సెంటీమీటర్లు దాటిందా? దాటితే వేళ రాసుకోవడం, ఆ తర్వాత ఇక ముట్టుకోకపోవడం. పక్క ప్రాసెస్‌తో మాట్లాడే అవసరం లేదు. డిస్కు మీదికి చివర్లో ఒక్కసారే. 10 లక్షల బిందువులకి 8 మెగాబైట్లు. నిమిషానికోసారి అన్నీ రాసే 104 గిగాబైట్ల కన్నా ఇందులో వేళ కచ్చితంగా ఉంటుంది, నిమిషానికి కాదు, సెకనుకి. ఏం అడగాలో ముందే తెలిసినందుకు వచ్చిన లాభం ఇది. అడ్‌సర్క్ రాసినవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. గరిష్ఠ మట్టానికీ, నేల మునిగిన వేళలకీ దాంట్లో విడిగా ఫైళ్ళున్నాయి. మీ స్క్రిప్టులో "చూడు"తో పాటు "ఎప్పుడు" అనే రెండో గుర్తు పెట్టండి. పొడి నేల బిందువుల్ని మొదటి అడుగుకి ముందే గుర్తుపెట్టుకోవడం మరవకండి, లేకపోతే సముద్రమంతా సున్నా వేళకి మునిగినట్టు వస్తుంది.

ఆ ఫైలుతో గీసే మ్యాపు ఒక్కటే. గంటకో రంగు. ఉప్పెన ఎప్పుడూ తీరానికి సమాంతరంగా బారులు తీరి రాదు. కృష్ణా పాయలు లోతుగా, అడ్డు లేకుండా ఉంటాయి కాబట్టి నీళ్ళు వాటి వెంట ముందు లోపలికెళ్ళి, ఆనక పక్కలకి పొర్లుతాయి. అలాంటప్పుడు సముద్రానికి దూరంగా, పాయకి దగ్గరగా ఉన్న ఊరు ముందు మునిగినట్టు మ్యాపులో కనిపించవచ్చు. మీ మ్యాపులో పాయలే కనిపించకపోతే తప్పు ఎక్కువగా ప్రోగ్రాంలో ఉండదు. పాయ వెడల్పు కన్నా మీ త్రిభుజాలు పెద్దవై ఉంటాయి. ఈ రకం తప్పుని టౌ చెప్పలేదు, జీసీసీ చెప్పలేదు. పాయ ఎక్కడుందో తెలిసినవాడే చెప్పగలడు.

నీళ్ళు కనిపించాక పనిని కూడా చూడండి, సంబంధం ఉంది. పొడి త్రిభుజాల మీద లెక్క దాటేసే ప్రోగ్రాముల్లో నేల ముక్కలు పట్టుకున్న ప్రాసెస్‌లు మొదటి రెండు రోజులూ దాదాపు ఊరికే ఉంటాయి. జంప్‌షాట్‌లో వాటి పట్టీ అంతా ఎదురుచూపు రంగే. ఉప్పెన ఎక్కగానే పని వాటి మీద పడుతుంది, అప్పుడు సముద్రం ముక్కలు వాటి కోసం ఆగాలి. చేరిన వేళ మ్యాపునీ ఈ పట్టీల్నీ పక్కపక్కన పెడితే ఏ ఊరి దగ్గర నీళ్ళొచ్చినప్పుడు ఏ ప్రాసెస్ బరువెక్కిందో కంటితో కలపొచ్చు. ఒక్క చిక్కు, వేర్వేరు యంత్రాల గడియారాలు ఒకటి కావు. సందేశం పంపకముందే అందినట్టు బాణం వెనక్కి గీసి ఉంటే కంగారుపడకండి, అది గడియారాల తేడా. చిన్న చిన్న ఫంక్షన్లన్నిటికీ పిలుపులు చేర్చితే కొలతే పనిని మించిపోతుంది, కాబట్టి స్కోర్-పి ఫిల్టర్ ఫైల్లో వాటిని మినహాయించండి.

దీనికంతటికీ సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. ఐఐటీ హైదరాబాదులో పరమ్ సేవ ఉంది, పుణెలో 2024లో ప్రారంభమైన అర్క ఉంది. అక్కడికి చేరే రోజు వస్తే మంచిదే. ఇప్పటికి నాలుగు కోర్ల ల్యాప్‌టాప్, ఓపెన్ ఎంపీఐ, చదరపు గళ్ళ మీద లోతు తక్కువ నీటిని (షాలో వాటర్) లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం చాలు. అన్నిటికన్నా ముందు నీళ్ళు కాకుండా ప్రాసెస్ నంబర్‌ని రంగుగా గీయించండి. నాలుగు రంగుల నాలుగు ముక్కలు రావాలి. గట్టు వరసలు రెండు వైపులా గీసేస్తే అంచుల్లో రంగులు తారుమారవుతాయి, చొప్పించిన కోడ్‌లో తప్పు అక్కడే బయటపడుతుంది.

తర్వాత అదే లెక్కని ఒక ప్రాసెస్‌తో ఒకసారి, నాలుగింటితో ఒకసారి నడిపి రెండు చేరిన వేళల ఫైళ్ళనీ తీసివేసి, తేడాని బొమ్మగా గీయండి. అక్కడక్కడా ఒకటో రెండో సెకన్ల తేడా చెదురుమదురుగా ఉంటే దశాంశాలు కూడే వరస మారినందువల్ల వచ్చినది, వదిలేయొచ్చు. తేడా సరిగ్గా ముక్కల హద్దు వెంట గీత గీసినట్టు కనిపిస్తే వదలకండి. గుర్తుల్ని విస్తరించకుండా అసలు ఫైల్నే కంపైల్ చేసి, ఆఖరి నీటిమట్టాలు మాత్రం రాయించి, మళ్ళీ ఒకటికీ నాలుగుకీ పోల్చండి. గీత అక్కడ కూడా ఉంటే గట్టు వరస ఇచ్చిపుచ్చుకోవడంలో తప్పుంది. లేకపోతే స్క్రిప్టు తెరిచి, అది ఏ లైను దగ్గర చొప్పించిందో చూడండి.